గుర్రం మోకాలు, మనిషి మణికట్టు

గుర్రం ముందుకాలిలో మనం మోకాలు అని పిలిచే కీలు ఎముకల లెక్కన మన మణికట్టు. దాని కింద నిటారుగా కనిపించే పొడవాటి ఎముక మన అరచేతిలో మధ్యవేలికి ఆధారంగా ఉండే ఎముకే. ఇంకా కిందికి వెళితే వేలి కణుపులు వస్తాయి. డెక్క మధ్యవేలి గోరు. నాలుగు వందల కిలోల జంతువు నాలుగు వేళ్ళ కొసల మీద నిలబడి, పరుగెత్తి, నిలబడే నిద్ర కూడా పోతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం మనిషిలో సాధారణంగా ముందు పట్టుకునేది కూడా మణికట్టునూ, వేళ్ళ మొదటి కణుపులనూ. గుర్రం తన బరువంతా మోపే కీలు మీదే దాన్ని సాకే మనిషికి దెబ్బ తగులుతుంది.

హైదరాబాద్ తూర్పున ఉప్పల్, నాచారం, రామంతాపూర్ ప్రాంతాల్లో గుర్రమంటే ముందుగా గుర్తొచ్చేది పెళ్ళి బరాత్. ముహూర్తాలున్న రాత్రుల్లో ఫంక్షన్ హాలు ముందు తెల్లగుర్రం, జరీ అంచు జీను, చెవులు చిల్లులు పడే డీజే. ఆ గుర్రం మిగతా ఇరవై గంటలు ఎక్కడో ఒక రేకుల లాయంలో ఉంటుంది. దాని పక్కనే ఒక మనిషి ఉంటాడు. తెల్లవారకముందే లద్దె ఎత్తాలి, తొట్టి కడగాలి, నీళ్ళు మొయ్యాలి. ఉలవలు ఉడకబెట్టాలి, గొరపంతో ఒళ్ళు రుద్దాలి, ఒక్కో కాలూ ఎత్తి డెక్కలో ఇరుక్కున్న రాళ్ళు తియ్యాలి. నాల్‌బంద్ లాడాలు కొడుతున్నంతసేపూ గుర్రాన్ని కదలకుండా పట్టుకోవాలి. వీటిలో చేతివేళ్ళతో పనిలేనిది ఒక్కటీ లేదు.

ఇలాంటి మనిషికి తీవ్రమైన కీళ్ళవాతం వచ్చిందని తేలగానే ఇంటివాళ్ళు, చుట్టాలు, కొన్నిసార్లు వైద్యులు కూడా ఇచ్చే మొదటి సలహా ‘గుర్రాల్ని అమ్మేయ్’ అని. తొందరపాటుతో ఇచ్చే సలహా అది. జీవనాధారం ఒక్కటే కాదు, మనిషిని రోజూ లేపి నిలబెట్టే పని కూడా దానితోపాటే పోతుంది. ఏ పని ఆపాలో, ఏది కొనసాగించవచ్చో తేల్చాల్సింది నొప్పి ఒక్కటే కాదు. వారానికొకసారి మింగే మాత్ర, ఊపిరితిత్తులు, చర్మం మీది గాట్లు, మెడలోని రెండు ఎముకలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. వీటిని ముందే చూసుకుంటే చాలామంది గుర్రం దగ్గరే ఉండవచ్చు.

ముందు జబ్బు సంగతి. కీలు లోపలి గోడకు సైనోవియం అనే పలచని పొర ఉంటుంది. కీలు సాఫీగా కదలడానికి కావలసిన జిగురు ద్రవాన్ని అదే ఊరిస్తుంది. రుమటాయిడ్‌లో మన రక్షణవ్యవస్థ ఈ పొరనే శత్రువుగా భావించి దాడి చేస్తుంది. రక్తకణాలు వచ్చి గుమిగూడుతాయి, పొర మందంగా పెరుగుతుంది. పెరిగిన ఆ కణజాలం పాతగోడ పగుళ్ళలో రావిమొక్క వేళ్ళు దిగినట్టు మృదులాస్థిలోకీ, ఎముక అంచుల్లోకీ దిగుతుంది. ఈ దాడిని నడిపించే రసాయన సందేశాల్లో టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 ముఖ్యమైనవి. వయసుతో మోకాళ్ళు అరిగే ఆస్టియోఆర్థరైటిస్ వేరు. అక్కడ అరుగుదల ముందు, వాపు తరవాత. ఇక్కడ వాపే ముందు. అందుకే ఇక్కడ వాపును అదుపు చేయని నొప్పిమాత్ర ఎన్నేళ్ళు మింగినా ఎముక కరగడం ఆగదు.

ఈ జబ్బుకు ఒక గడియారం ఉంది. ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో రాత్రి రెండోజాము నుంచి పెరుగుతూ తెల్లవారుజామున శిఖరానికి చేరుతుంది. దాన్ని అణచాల్సిన కార్టిసాల్ కూడా అదే వేళకు పెరుగుతుంది గానీ, ఈ జబ్బు ఉన్నవాళ్ళలో అది చాలదు. పొద్దున్నే లేచేసరికి వేళ్ళు ముడుచుకోకపోవడం, గంట దాటినా బిగుతు సడలకపోవడం అందువల్లే. గుర్రం పని మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే. రాత్రి పదింటికి మింగితే నడిరాత్రి దాటాక కరిగేలా తయారుచేసిన ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రను యూరప్‌లో పరీక్షించి 2008లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. మామూలు ప్రెడ్నిసోన్‌ను పొద్దున్నే మింగినవాళ్ళకంటే వీళ్ళలో ఉదయపు బిగుతు బాగా తగ్గింది. మందు మోతాదు ఎంత ముఖ్యమో, వేళ కూడా అంతే ముఖ్యం అని చెప్పిన ప్రయోగం అది.

అలాంటి మాత్ర అందుబాటులో లేకపోయినా పని వేళను మార్చే దారి ఒకటి ఉంది. గుర్రం కడుపులో యాసిడ్ మేత ఉన్నా లేకపోయినా ఊరుతూనే ఉంటుంది. బయట వదిలేస్తే అది రోజులో పద్నాలుగు, పదహారు గంటలు మేస్తుంది. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంచి తెల్లవారుజామున దాణా పెట్టడం మనిషి సౌకర్యానికి పుట్టిన అలవాటే తప్ప గుర్రానికి మేలు చేసేది కాదు. రాత్రి పడుకునే ముందు వలసంచిలో ఎండుగడ్డి నింపి కడితే గుర్రానికి కడుపులో పుండ్ల బెడద తగ్గుతుంది, మనిషికి తెల్లవారుజామున రెండు గంటలు మిగులుతాయి. వేడినీళ్ళలో చేతులు ముంచి, వేళ్ళు మెల్లగా ఆడించి, పని మొదలుపెట్టడానికి ఆ రెండు గంటలు చాలు.

రక్షణవ్యవస్థే కీళ్ళను వాపెక్కిస్తుందన్న ఆలోచనకు తొలి ఆధారాల్లో ఒకటి గుర్రం నుంచే వచ్చింది. 1890లలో డిఫ్తీరియాకు విరుగుడుగా గుర్రపు సీరం ఇవ్వడం మొదలైంది. వియన్నాలో పిల్లల వైద్యులు క్లెమెన్స్ ఫాన్ పిర్కే, బేలా షిక్ సీరం తీసుకున్న పిల్లల్ని జాగ్రత్తగా గమనించారు. సీరం ఇచ్చిన వారం పది రోజులకు కొందరిలో జ్వరం, దద్దుర్లు, కీళ్ళవాపు వచ్చేవి. సీరం విషమైతే వెంటనే రావాలి కదా, ఇన్నాళ్ళెందుకు ఆగింది? గుర్రపు ప్రొటీన్‌కు వ్యతిరేకంగా పిల్లల ఒంట్లో ప్రతిరక్షకాలు తయారయ్యేదాకా పట్టే కాలం అదని వాళ్ళు తేల్చి, 1905లో ‘సీరం జబ్బు’ గురించి పుస్తకం రాశారు. మనల్ని కాపాడే శక్తే మనల్ని బాధించగలదని అంత స్పష్టంగా చెప్పినవాళ్ళు అంతకుముందు అరుదు. పాముకాటుకు మన ఆసుపత్రుల్లో ఎక్కించే విరుగుడు నేటికీ గుర్రపు రక్తం నుంచే వస్తుంది. మూసీ ఒడ్డు లాయాల్లో ఎలుకల కోసం పాములు వస్తూనే ఉంటాయి కాబట్టి ఇక్కడివాళ్ళకు ఇది దూరపు కథేమీ కాదు. ఆ ఇంజెక్షన్ తరవాత రెండో వారంలో కీళ్ళు వాస్తే, పాత జబ్బు తిరగబెట్టిందనుకుని స్టెరాయిడ్ మోతాదు సొంతంగా పెంచుకోకూడదు. ఇంజెక్షన్ సంగతి వైద్యుడికి చెప్పాలి.

ఇక మందు. ప్రపంచమంతా రుమటాయిడ్‌కు మొదట ఎంచుకునే మందు మెథోట్రెక్సేట్. దీని పుట్టుకలో మన భీమవరం ఉంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1920లలో హార్వర్డ్ చేరి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. పేగుల్ని దెబ్బతీసే స్ప్రూ జబ్బుతో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. తరవాత అదే అణువును కాస్త మార్చి, ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు చేశారు; మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. వాటిలోనే మరొకటైన అమినోటెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. 1951లో గుబ్నర్ అనే అమెరికన్ వైద్యుడు అమినోటెరిన్‌ను కీళ్ళవాతానికి వాడితే వాపు తగ్గిందని రాశాడు. అప్పటికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ కొత్త వెలుగులో ఉంది. మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ 1948లో దాన్ని మొదటి కీళ్ళరోగికి ఇచ్చాడు, 1950లో నోబెల్ వచ్చింది. ఆ హడావుడిలో గుబ్నర్ మాట ఎవరికీ పట్టలేదు. స్టెరాయిడ్ల దుష్ఫలితాలు తెలిసొచ్చాక, 1980లలో పద్ధతైన పరీక్షలు జరిగి, 1988లో మెథోట్రెక్సేట్‌కు కీళ్ళవాతం మందుగా అమెరికాలో అనుమతి దొరికింది. సుబ్బారావు వెళ్ళిపోయి అప్పటికి నలభై ఏళ్ళు.

కీళ్ళవాతంలో ఇది పనిచేసే తీరు క్యాన్సర్‌లో పనిచేసే తీరు కాదు. తక్కువ మోతాదులో ఇది కణాల్ని చంపడం కంటే, కణాల లోపల ఒక ఎంజైమును నెమ్మదింపజేసి, అడినోసిన్ అనే పదార్థం బయటికి ఎక్కువగా వచ్చేలా చేస్తుందనీ, వాపును చల్లార్చేది ప్రధానంగా అదేననీ ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తారు. మందు రక్తంలోంచి ఒకటి రెండు రోజుల్లో మూత్రపిండాల ద్వారా పోతుంది. కణాల్లో చేరిన భాగం మాత్రం వారాలపాటు నిలుస్తుంది. అందుకే వారానికి ఒక్కసారే. ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నెలరోజులు మింగి ‘పనిచెయ్యలేదు’ అని ఆపేసినవాళ్ళు అసలు మందు వాడనట్టే లెక్క.

వారానికొకసారి మింగాల్సింది పొరబాటున రోజూ మింగితే ప్రాణం పోవచ్చు. ఎముక మజ్జ ఆగిపోతుంది, నోరంతా పుండ్లవుతుంది. మన దేశంలోనూ బయటా ఇలాంటి మరణాలు జరిగాయి. కాబట్టి చీటీ మీద వారం పేరు తెలుగులో పూర్తిగా రాయించుకోవాలి. దీనితోపాటు మరోరోజు మింగమని వైద్యులిచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర పసుపురంగులో, చూడటానికి దాదాపు అలాగే ఉండవచ్చు. రెండింటినీ వేరువేరు డబ్బాల్లో ఉంచాలి. ఒకే ప్రయోగశాల నుంచి వచ్చిన విరోధుల జంట అది. మింగిన మర్నాడు కొందరికి వికారం, నీరసం ఉంటాయి కనుక వారంలో బరాత్ బేరాలు తక్కువుండే రోజు ఎంచుకుని, ఇక దాన్ని మార్చకుండా ఉండటం మంచిది.

గుర్రాలవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన ప్రమాదం ఇంకొకటి ఉంది. ట్రైమెథోప్రిమ్, సల్ఫా కలిపిన యాంటీబయాటిక్ మనుషులకూ వాడతారు, గుర్రాలకూ వాడతారు. మనుషుల మందుల దుకాణంలో సెప్ట్రాన్ పేరుతో దొరుకుతుంది. అది కూడా ఫోలిక్ యాసిడ్ దారినే అడ్డుకుంటుంది. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. కాలికి దెబ్బ తగిలి చీము పడితే దుకాణంలో ఆ బిళ్ళ అడగకూడదు, లాయంలో మిగిలిన పొడి అసలే ముట్టకూడదు. గుర్రం కుంటితే ఇచ్చే ఫినైల్‌బ్యూటాజోన్‌దీ అదే సంగతి. 1949లో అది మనుషుల కీళ్ళనొప్పులకే మార్కెట్లోకి వచ్చిన మందు. ఎముక మజ్జను నాశనం చేసి మనుషుల్ని చంపడంతో చాలా దేశాల్లో మనుషుల వాడకం నుంచి తప్పించారు. గుర్రాలకు మిగిలింది. నొప్పి భరించలేని రాత్రి చేతికందే దూరంలో ఉండే మందు కాబట్టే దీని గురించి ఇంత గట్టిగా రాస్తున్నాను.

మే నెల ఎండలో రోడ్డు మీద గంటల తరబడి నిలబడితే ఒంట్లో నీరు తగ్గి, మూత్రపిండాలు మందును వదిలించుకోలేవు. విరేచనాలైనా, జ్వరం వచ్చినా అంతే. అలాంటి వారం మాత్ర ఆపి వైద్యుడిని అడగాలి. ఒక వారం తప్పితే జబ్బు విరుచుకుపడదు.

ఊపిరితిత్తుల విషయం కాస్త చిక్కు. వానాకాలంలో సరిగ్గా ఆరకుండా కట్టలు కట్టిన గడ్డి లోపల వేడెక్కి, బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. దులిపినప్పుడు లేచే ధూళి పీల్చి కొందరికి ఊపిరితిత్తుల్లో అలర్జీవాపు వస్తుంది. రుమటాయిడ్ జబ్బే కొందరిలో ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. అరుదుగా మెథోట్రెక్సేట్ కూడా ఊపిరితిత్తులను వాపెక్కిస్తుంది. మూడింటికీ పైకి కనిపించే లక్షణాలు ఒకటే: పొడిదగ్గు, ఆయాసం, ఒక్కోసారి జ్వరం. గడ్డి సంగతి చెప్పకపోతే వైద్యుడు నేరం మందు మీదికి నెట్టి, బాగా పనిచేస్తున్న మందును ఆపే అవకాశం ఉంది. చికిత్స మొదలుపెట్టేముందే ఛాతీ ఎక్స్‌రే తీయించి దాచుకోవాలి, ‘నేను రోజూ గడ్డి దులుపుతాను’ అని చెప్పి రాయించాలి. గడ్డిని దులిపే బదులు నీళ్ళలో ముంచి పెడితే ధూళి చాలావరకు పోతుంది. అదే ధూళికి గుర్రాలకూ ఉబ్బసం వస్తుంది. గుర్రం లాయంలో దగ్గుతుంటే మనిషి తన ఊపిరి గురించి కూడా ఆలోచించాలి.

తరవాత గాట్లు. గుర్రపు లద్దెలో ధనుర్వాతం క్రిముల బీజాలు ఉంటాయి. రక్షణవ్యవస్థను అణిచే మందులు వాడేవాళ్ళు ధనుర్వాతం టీకా బాకీ లేకుండా చూసుకోవాలి. అది సజీవ టీకా కాదు కనుక ఈ మందులతో ఇబ్బంది లేదు. గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ మనుషులకూ అంటుతుంది, చంపుతుంది కూడా. ముక్కులోంచి చిక్కటి చీము, చర్మం మీద వరసగా గడ్డలు కనిపిస్తే కీళ్ళవాతం మనిషి ఆ గుర్రం దగ్గరికి వెళ్ళకూడదు. పశువైద్యశాఖకు తెలియజేయాలి. నమూనాలు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దాకా వెళ్తాయి. అంటుజబ్బుల జాగ్రత్త ఇక్కడితో ఆగదు. మెథోట్రెక్సేట్ చాలనివాళ్ళకు బయొలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. లండన్‌లో టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే చికిత్సను నిలబెట్టిన ఇద్దరిలో రవీందర్ మైనీ లూధియానాలో పుట్టినవాడు. అలాంటి మరో ఇంజెక్షన్ రిటుక్సిమాబ్‌కు మొదటి బయోసిమిలర్‌ను, అంటే దాదాపు అలాగే పనిచేసే రూపాన్ని, 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ తెచ్చింది. ఇవి మొదలుపెట్టేముందు, ముఖ్యంగా టీఎన్‌ఎఫ్ మందులకు, ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ కోసం పరీక్ష చేస్తారు. మన దేశంలో ఆ పరీక్ష తప్పించుకోవడం ప్రాణాలతో చెలగాటమే.

విశ్రాంతి గురించి ఒక మాట. కీళ్ళవాతం వస్తే కదలకుండా ఉండాలన్నది పాతకాలపు నమ్మకం. నెదర్లాండ్స్‌లో సుమారు 300 మంది రుమటాయిడ్ రోగులతో రెండేళ్ళు గట్టి వ్యాయామం చేయించి 2003లో ఫలితాలు ప్రకటించారు. జబ్బు ముదరలేదు, పనిచేసే శక్తి పెరిగింది. అప్పటికే బాగా దెబ్బతిన్న పెద్ద కీళ్ళున్నవాళ్ళు మాత్రం జాగ్రత్తపడాలని తేలింది. లాయంలో నడక, ఒళ్ళు రుద్దడం మంచి వ్యాయామాలే. చిక్కంతా పట్టులో ఉంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక కిలో బలంతో నొక్కితే బొటనవేలి మొదట్లోని కీలు మీద దాదాపు పన్నెండు కిలోల ఒత్తిడి పడుతుందని 1977లో లెక్కగట్టారు. డెక్క గీరే ఇనుపకొక్కెం పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేస్తే పిడికిలి మొత్తం పనిచేస్తుంది, బొటనవేలు బతుకుతుంది. గొరపాన్ని వేళ్ళతో పట్టుకోకుండా అరచేతికి పట్టీతో బిగించుకోవాలి. బకెట్‌ను సగమే నింపి మోచేతికి తగిలించుకోవాలి. పగ్గాన్ని చేతికి చుట్టుకోవడం ఎవరికైనా తప్పే. వాచిన స్నాయువులున్న చేతికి ఒక్క గుంజు చాలు, వేలు మళ్ళీ చాచలేకపోవచ్చు.

మెడ అన్నిటికన్నా ముఖ్యం. తలను పక్కకు తిప్పేది మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య కీలు. దానికీ సైనోవియం ఉంది. ఏళ్ళ తరబడి అదుపులేని రుమటాయిడ్‌లో అక్కడి స్నాయువు సడలి, పూస జారి వెన్నుపామును నొక్కే ప్రమాదం ఉంది. అలాంటి మెడతో గుర్రం మీదినుంచి పడటం, పక్కన నిలబడి ఉండగా గుర్రం తలతో ఒక్కసారి కొట్టడం ప్రాణాంతకం కావచ్చు. తల వెనకభాగంలో నొప్పి, చేతుల్లో తిమ్మిరి, నడకలో తూలు ఉంటే మెడ వంచి ఒకటి, నిటారుగా పెట్టి ఒకటి ఎక్స్‌రే తీయించుకోవాలి. ఆ పూసలు జారాయని తేలితే స్వారీ మానాల్సిందే. కొత్త గుర్రాన్ని మచ్చిక చేయడమూ మానాలి. ఈ ఒక్క చోట నేను సర్దుబాటు చెప్పను.

గుర్రం కీళ్ళ సంగతి కూడా ఇదే లాయంలోది. మూసీ వెంబడి ఉప్పల్ దాటాక పీర్జాదిగూడ, పర్వతాపురం, కొర్రెముల వైపు మురుగునీటితో పెరిగే పారాగడ్డి బర్రెలకు పచ్చిమేతగా పోతుంది. చవగ్గా దొరుకుతుందని గుర్రాలకు అదే ప్రధాన మేతగా వేయకూడదు. అందులోని ఆక్సలేట్ కాల్షియంను పట్టేసుకుంటుంది. బర్రె పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్‌ను విరగ్గొడతాయి. గుర్రానికి ఆ సౌకర్యం లేదు. దానికితోడు ఫాస్ఫరస్ ఎక్కువున్న తవుడు దండిగా పెడితే, కాల్షియం కోసం ఒళ్ళు తన ఎముకలనే కరిగించుకుంటుంది. మొదట గుర్రం కాళ్ళు మారుస్తూ కుంటుతుంది, ఆపైన ముఖపు ఎముకలు ఉబ్బుతాయి. తారురోడ్డు మీద ఇనుపలాడంతో నడిచే గుర్రానికి ఇది అదనపు శిక్ష. ఎండుగడ్డి, లూసర్న్ కలిపి పెట్టడం, తవుడు తగ్గించడం చాలావరకు దీన్ని ఆపుతాయి. గుర్రం కుంటకపోతే మనిషి దాని కాలు ఎత్తి పట్టుకునే శ్రమ కూడా తగ్గుతుంది.

పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక చికిత్స చూద్దామనుకునేవాళ్ళు ఎక్కువ. ఆషాఢంలోనో, మూఢంలోనో ఆసుపత్రికి వెళ్దామని వాయిదా వేస్తారు. మొదటి మూడు, ఆరు నెలల్లో మందు పడితే ఎముక కోతను ఆపే అవకాశం ఎక్కువ. ఆ నెలలు ముహూర్తాల కోసం ఆగవు. మోకాలి మార్పిడి లాంటి ఆపరేషన్లను ఆషాఢానికి పెట్టుకోవచ్చు, మందును మాత్రం కాదు.

ఖర్చు విషయానికొస్తే, నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పది మందికి తగ్గని సంస్థలో, నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో పనిచేసేవారికి అది వర్తిస్తుంది. పారిశ్రామికవాడలో కార్మికుడికి దొరికే ఆ అండ, అదే వీధిలో రెండు గుర్రాలు పెట్టుకున్నవాడికి లేదు. గుర్రం పని కూడా పనేనని ఏ పథకమైనా ఒప్పుకోవాలి. ఈలోగా ఊరటనిచ్చేది ఏమిటంటే, మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రెండూ చవకైన మందులు. భారమయ్యేవి రక్తపరీక్షలు. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, కుదుటపడ్డాక రెండు మూడు నెలలకొకసారి రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ చూడాలి. నగరంలోని బస్తీ దవాఖానాల్లో నమూనా ఇస్తే తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ద్వారా ఇలాంటి పరీక్షలు ఉచితంగా చేస్తారు. పొద్దున లాయం పని ముగించి దారిలో నమూనా ఇచ్చి, ఫలితాల కాగితాలన్నీ ఒకే సంచిలో వరసగా దాచి, రుమటాలజిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ సంచితోపాటు గుర్రాలకు వాడుతున్న మందుల పేర్లు కూడా రాసుకుని వెళ్ళాలి.